‘పొడుగు సా’కు టీకాతాత్పర్యములు

మూలము: రీడు తడుపు. పొడుగ్గా సా ఊదు. సరళీ దాటినాకే పాట.

అవతారిక: బరంపురమునుండి గోపాల్‌పూర్ సముద్రతీరమునకు పోవు త్రోవలో, పెండ్లి బ్యాండువారి గదిగోడమీద సుద్దముక్కతో వ్రాయబడి, ఏ శాసనపరిష్కర్తయు కన్నెత్తి చూడని ఈ సూత్రత్రయము, క్లారినెట్ పట్టిన కుఱ్ఱవానికి ప్రాతఃకాలానుష్ఠానమును విధించుచున్నది. నాటి గంజాం మండలమందలి పర్లాకిమిడినుండి గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారికమునకై పోరాడిన ఈ సీమలో గ్రాంథికమున టీక వ్రాయుట సాహసమే. అయినను మూలము చాలినంత వ్యావహారికముగా నున్నది కనుక వారు క్షమింతురని నమ్మెదను.

టీక: రీడు = మౌత్‌పీసునకు బిగింపబడు రెల్లుజాతి తృణవిశేషముయొక్క పలుచని బద్ద. తడుపు = ఆర్ద్రము చేయుము. ఎండిన బద్ద కొన వంకరలు తిరిగి మౌత్‌పీసున సరిగా కుదురక కీచుమనును. కావున నిమిషమో రెండు నిమిషములో నోట నుంచుకొనవలెను. గ్లాసెడు నీట ముంచిన చాలునని కొందఱందురు. నోట రీడున్నంతసేపు శిష్యుడు ఎదురు ప్రశ్న వేయజాలడు గనుక గురువులు మొదటి పక్షమునే సమర్థింతురు.

పొడుగ్గా = ఒక్క యూపిరి చెల్లునంతవఱకు. సా = షడ్జము. వినీవినబడనట్లు మొదలిడి, క్రమముగా పెంచి, మరల అణచి ముగింపవలెనని భావము. ఇది ఊపిరితిత్తుల వ్యాయామమాత్రమని తలచుట పొరపాటు. క్లారినెట్ గట్టిగా నూదినకొలది శ్రుతి దిగజాఱును, మెల్లగా నూదిన పైకి జాఱును. పిల్లనగ్రోవి స్వభావము ఇందుకు విపర్యయము. నాదము పెరిగి తఱుగుచుండగా శ్రుతి కదలకుండ పెదవితో నిలుపుటయే ఇచ్చటి తపస్సు. చల్లని వాద్యము శ్రుతి తగ్గి పలుకును గనుక ముందుగా ఊపిరితో వెచ్చజేయవలెనని శీతలదేశపు ఆచార్యులు చెప్పుదురు. ఆ హేతువు మే మాసపు గోపాల్‌పూరులో ఎంతవఱకు నిలుచునో వారే వచ్చి చూడవలెను.

సరళీ = పురందరదాసుగారు ఏర్పఱచిరని సంప్రదాయము చెప్పు, మాయామాళవగౌళలోని తొలిపాఠములు. దాటినాకే = ఇచ్చటనే చిక్కంతయు. 1700 ప్రాంతమున న్యూరెంబర్గున డెన్నర్ అను శిల్పి కల్పించిన ఈ వాద్యమున, ఎడమ బొటనవ్రేలి మీట నొక్కినచో స్వరము పైస్థాయి షడ్జమునకు గాక ఇంకను పైనున్న పంచమమునకు ఎగురును: మంద్రషడ్జమునకు పట్టిన వ్రేళ్లే మధ్యస్థాయి పంచమము పలికించును. అందుచే నడుమ నొకచోట, రంధ్రములన్నియు దాదాపు తెఱచియున్న స్వరమునుండి అన్నియు మూయవలసిన ప్రక్కస్వరమునకు ఒక్క గంతున పోవలసివచ్చును. ఏ వ్రేలి కొన చిటికెడంత జాఱినను కీచురాయి పలుకును. ఈ దాటు ప్రతిదినము నెమ్మదిగా పదేపదే చేసినవానికే సాధ్యము. ఈ వాద్యమున కర్ణాటక గమకముల నలవోకగా పలికించి, 2022లో పద్మశ్రీ నందిన తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్‌గారి వ్రేళ్లకును ఈ మెట్టు తప్పలేదు.

పూర్వపక్షము: డప్పులు, ట్రంపెట్లు, జెనరేటరు, టపాకాయలు ఏకమైన ఊరేగింపులో నీ పొడుగు సా ఎవరు విందురు? సమాధానము: ఎవరును వినరు. కాని ఊరేగింపు గంటలకొలది సాగును. ఉదయము పదునెక్కని పెదవి నడిరాత్రి పెండ్లికొడుకు గుఱ్ఱము కల్యాణమండపము చేరకమునుపే సడలును. అప్పుడు మాత్రము అందఱును విందురు.

తాత్పర్యము: తడిపి, ఊది, దాటి, పిమ్మట పాడుము.

పాట = ఏ పాట యని మూలకారుడు చెప్పలేదు. ఆ సంగతి వరుని స్నేహితులు నిర్ణయింతురు గనుక దానికి వ్యాఖ్య అనవసరము.