చిక్కడపల్లి టు రాయదుర్గం, వయా అమీర్‌పేట

కంప్యూటర్ ఇంజినీరు జీవితం మొత్తాన్ని ఒక్క చోట నిలబడి చూడాలనుకునేవాళ్లకు నారాయణగూడ చౌరస్తాను మించిన జాగా హైదరాబాద్‌లో లేదు. ఇటు ఇంటర్ కాలేజీలు, అటు ఇంజినీరింగ్ కాలేజీ. మెట్రో పిల్లర్ల వెంట కాస్త నడిస్తే చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయం, దాని పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు. ఇంకోవైపు హైదర్‌గూడలో ఎమ్మెల్యే క్వార్టర్లు. వీటిలో చివరిది తప్ప మిగతావన్నీ పరీక్షల మీదే బతుకుతున్నాయి. ఎమ్మెల్యే కావడానికి చదువు అర్హత ఏమిటని రాజ్యాంగం అడగదు. 2019లో 120 కొత్త ఫ్లాట్లతో ప్రారంభమైన ఆ క్వార్టర్ల కోసం ఇంతవరకూ ఒక్క క్రాష్ కోర్సూ మొదలుకాకపోవడం అశోక్‌నగర్ వ్యాపార దక్షతకు మాయని మచ్చ.

కంప్యూటర్ ఇంజినీరు పుట్టేది మాత్రం కాలేజీలో కాదు, నెట్ సెంటర్‌లో. వెబ్ ఆప్షన్లు పెట్టే ఆఖరి రోజు రాత్రి. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా, 1986 నుంచి నోట నానిన ఎంసెట్టే ఇళ్లలో ఇంకా నడుస్తోంది. కుర్చీలో నెట్ సెంటర్ తమ్ముడు, వెనక నిలబడి తండ్రి, ఫోన్‌లో డాలస్ నుంచి మేనమామ. కొడుకు కూడా ఉంటాడు, బయట బండి మీద. "ముందుగాల సీఎస్ఈ పెట్టు. అది రాకుంటే సీఎస్ఎం, అది గూడ రాకుంటే సీఎస్‌డీ, తర్వాత సీఎస్‌సీ." ఒకటి కృత్రిమ మేధ, ఒకటి డేటా సైన్స్, ఒకటి సైబర్ సెక్యూరిటీ అని తండ్రికి తెలియకపోవచ్చు. ముందు రెండక్షరాలు సీ, ఎస్ అయితే చాలు. చివర ఆయన చేసే విన్నపం ఒక్కటే: "సివిల్ పడకుండ జూడు తమ్మీ."

పడకుండా చూసే బాధ్యతను కాలేజీలే నెత్తిన వేసుకున్నాయి. సివిల్, మెకానికల్ సీట్లు మూసుకుని కంప్యూటర్ సీట్లు తెరవడం తెలంగాణలో ఏటా జరిగే తంతు. ఒక బ్రాంచికి ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేశాక అడ్డే లేకపోయింది. రాష్ట్రంలోని ఇంజినీరింగ్ సీట్లలో సగానికి మించి ఇప్పుడు కంప్యూటర్ కుటుంబానివే. నారాయణగూడలో 2007లో మొదలైన కేశవ్ మెమోరియల్ కాలేజీ దారి అప్పటినుంచీ కంప్యూటర్లదే. అప్పట్లో అది ప్రత్యేకత, ఇప్పుడు రాష్ట్రమంతా అదే దారి. పశ్చిమాన లేస్తున్న యాభై అంతస్తుల టవర్లను ఎవరు డిజైన్ చేస్తున్నారో, వాళ్లు రిటైరయ్యాక ఎవరు చేస్తారో ఆలోచించడం ఎవరి సిలబస్‌లోనూ లేదు.

తండ్రులు ఉదాహరణగా చూపించే ఇద్దరు హైదరాబాదీల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. 2014లో మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన సత్య నాదెళ్ల మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్. 2007లో అడోబీ సీఈవో అయిన శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివింది ఎలక్ట్రానిక్స్. ఆ తర్వాత ఇద్దరూ అమెరికాలో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ చేశారు, అది నిజమే. కానీ ఇవాళ్టి నెట్ సెంటర్‌లో నాదెళ్ల కుర్రాడికి ఎలక్ట్రికల్ పడి ఉంటే, ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం తినేవారు కాదు. మర్నాడు మేనేజ్‌మెంట్ కోటా బేరం మొదలయ్యేది. ఆ కోటాకు ప్రభుత్వం వదిలింది ముప్పై శాతం సీట్లు. వాటికి రసీదు మీద ఒక రేటు, రసీదు లేకుండా ఇంకో రేటు అని ఊరంతా చెప్పుకుంటుంది. కాగితం మీదికి రాని లెక్క కనుక కాలమ్‌లోకీ రాదు.

ఈ పేటకు కంప్యూటర్‌తో ఉన్న అసలు గొప్ప సంబంధం మాత్రం ఎవరూ చెప్పుకోరు. హిమాయత్‌నగర్, హైదర్‌గూడ కలిసేచోట తెలుగు అకాడమీ ఉంది. 1968లో పెట్టిన ఆ సంస్థకు తొలి అధ్యక్షుడు పి.వి. నరసింహారావు. ఆయన రాజీవ్ గాంధీ మంత్రివర్గంలో ఉండగా, పాతతరం నాయకులకు కంప్యూటర్ ఏం అర్థమవుతుందన్న మాట చెవిన పడిందట. హైదరాబాద్ నుంచి కొడుకు కంప్యూటర్ పంపితే, అరవై దాటిన వయసులో దాని ముందు కూర్చుని కోబాల్, బేసిక్ నేర్చుకున్నారని జీవితచరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ర్యాంకు లేదు, బ్రాంచి లేదు, సర్టిఫికెట్ లేదు. ప్లేస్‌మెంట్ కాస్త ఆలస్యమైంది గానీ 1991లో మంచిదే వచ్చింది. కుతూహలం కొద్దీ కంప్యూటర్ నేర్చుకున్న మనిషి పెంచిన అకాడమీ పుస్తకాలనే, కంప్యూటర్ మీద కుతూహలం చచ్చిన ఇంజినీర్లు ఇవాళ చిక్కడపల్లి గ్రంథాలయంలో వల్లె వేస్తున్నారు.

అయితే అక్కడికి రావడానికి ముందు మెట్రో ఎక్కాలి. చిక్కడపల్లిలో గ్రీన్ లైన్ ఎక్కి పరేడ్ గ్రౌండ్స్ దగ్గర బ్లూ లైన్‌కు మారితే, రైలు అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీ, అక్కడినుంచి రాయదుర్గం చేరుస్తుంది. మెట్రోవాళ్లు వేసింది రైలు పటమే అయినా, గీసింది బీటెక్ జాతకం. రైలు అమీర్‌పేటలో ఆగేది నిమిషం లోపే. మనిషికి ఆర్నెల్ల హాల్టు. నాలుగేళ్లలో కాలేజీ చెప్పనిది అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో మూడు నెలల్లో చెబుతారని అందరికీ తెలుసు, కాలేజీవాళ్లకు ఇంకా బాగా తెలుసు. 1998లో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజుల్లో అమీర్‌పేటలో అమ్మింది కోబాల్. వైటూకే భయంతో అమెరికా ఎంతమందినైనా కొనుక్కుంది. ఆ తర్వాత జావా, టెస్టింగ్, శాప్, హడూప్. ఇప్పుడు ఫ్లెక్సీల మీద జెనరేటివ్ ఏఐ. కింద ఫోన్ నంబరు చాలావరకు పాతదే.

రాయదుర్గంలో దిగినవాళ్లకు ఎదురయ్యేది ఏమిటి? పెద్ద సర్వీసు కంపెనీల్లో కొత్తగా చేరే మామూలు ఇంజినీరు జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఈ పదేళ్లలో ఫీజులు పెరిగాయి, హాస్టల్ అద్దెలు పెరిగాయి, ఇరానీ చాయ్ ధర కూడా పెరిగింది. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తగ్గిస్తామంది. సెప్టెంబరులో ట్రంప్ కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుం అన్నారు. డాలస్ మేనమామ ఫోన్‌లో కొంచెం తక్కువ మాట్లాడుతున్నాడు.

అక్కడినుంచి వెనక్కి వచ్చే రైలు అశోక్‌నగర్‌ది.

ఇక్కడ రీడింగ్ హాల్ అంటే ప్లైవుడ్ అరలు. ఒక్కో అరలో ఒక కుర్చీ, ఒక బల్బు, ఒక ప్లగ్ పాయింట్. ల్యాప్‌టాప్ మూత మీద ఎప్పుడో హ్యాకథాన్‌లో ఇచ్చిన స్టిక్కర్, దాని మీద తెలంగాణ ఎకానమీ పుస్తకం, దాని మీద సగం తిన్న బిస్కెట్ పొట్లం. ల్యాప్‌టాప్ ఇప్పుడు టెస్ట్ సిరీస్ చూడ్డానికీ, పుస్తకానికి ఎత్తుపీటగానూ పనికొస్తోంది. నాలుగేళ్లు డేటా స్ట్రక్చర్లు చదివినవాడు శాతవాహనుల వరస, 1956 పెద్దమనుషుల ఒప్పందం, ముల్కీ నిబంధనలు, ఆరు సూత్రాల పథకం అప్పజెబుతాడు. సొంతూళ్లో అడిగితే మాత్రం "సాఫ్ట్‌వేర్ ట్రయల్స్‌లో ఉన్నా" అంటాడు. అది అబద్ధం కాదు, భూతకాలం.

ఇతన్ని చూసి నవ్వే ముందు ఒక లెక్క చూడాలి. తెలంగాణలో జూనియర్ అసిస్టెంట్ మూలవేతనం 24,280 రూపాయల దగ్గర మొదలవుతుంది. దాని మీద కరువు భత్యం, ఇంటి అద్దె. కలిపితే ఏడాదికి మూడున్నర లక్షల ఇంజినీరుకు ఏమాత్రం తీసిపోదు. పైగా రాత్రి పదకొండుకు అమెరికా నుంచి ఫోన్ రాదు, శుక్రవారం సాయంత్రం హెచ్‌ఆర్ నుంచి మెయిల్ రాదు. అందుకే ఎనిమిది వేల చిల్లర గ్రూప్-4 పోస్టులకు తొమ్మిదిన్నర లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్లకు బుద్ధి లేదనుకోవడం రాయదుర్గం ఏసీలో కూర్చున్నవాళ్ల ధీమా.

లెక్క సరైనదే. లెక్కకు రానిది కాలం. ప్రత్యేక రాష్ట్రం వచ్చాక తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో వెలువడింది, 503 పోస్టులు. అక్టోబరులో ప్రిలిమ్స్. నవంబరులో అమెరికాలో చాట్‌జీపీటీ పుట్టింది. 2023 మార్చిలో ప్రశ్నపత్రం లీకై పరీక్ష రద్దు. జూన్‌లో మళ్లీ రాస్తే, బయోమెట్రిక్ తీసుకోలేదని సెప్టెంబరులో హైకోర్టు మళ్లీ రద్దు. 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రకటన, ఈసారి 563 పోస్టులు, నాలుగు లక్షలకు పైగా దరఖాస్తులు. అక్టోబరులో మెయిన్స్ వాయిదా వేయాలని అశోక్‌నగర్ రోడ్డెక్కింది, లాఠీలూ దిగాయి. 2025 సెప్టెంబరులో ఏక సభ్య ధర్మాసనం ర్యాంకుల జాబితా కొట్టేసింది, డివిజన్ బెంచి ఆ తీర్పును నిలిపేసింది, ఆ నెలాఖరుకే నియామక పత్రాలూ ఇచ్చేశారు. చాట్‌జీపీటీ ఈలోగా ఎన్ని తరగతులు పైకెళ్లిందో లెక్కపెట్టడం కష్టం.

లీకు కథలో కూడా నాయకుడు కంప్యూటరే. పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ రహస్య విభాగంలోని కంప్యూటర్ పాస్‌వర్డ్ సంపాదించి, ప్రశ్నపత్రాలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించారన్నది పోలీసుల అభియోగం. అరెస్టయినవాళ్లలో ఆ కార్యాలయ నెట్‌వర్క్ చూసుకునే ఒప్పంద ఉద్యోగి ఒకరు. అశోక్‌నగర్‌లో వేలమంది ఇంజినీర్లు కంప్యూటర్‌ను మరిచిపోయి రాజ్యాంగం చదువుతుంటే, ఆ చదువుకు పెట్టే పరీక్ష పత్రాలు దాచిన కంప్యూటర్‌ను మాత్రం సరిగ్గా కాపాడే ఇంజినీరు దొరకలేదు. సైబర్ సెక్యూరిటీ సీట్లు ఇంకా పెంచాలన్న వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఏ కాలేజీ చూపించగలదు?

2023 నవంబరులో, ఎన్నికల ముందు, రాహుల్ గాంధీ అశోక్‌నగర్ వచ్చి నిరుద్యోగులతో కూర్చున్నారు. 2024 ఆగస్టులో అసెంబ్లీ సాక్షిగా జాబ్ క్యాలెండర్ వచ్చింది. పంచాంగం చూసి ముహూర్తం పెట్టుకున్నంత నమ్మకంగా దాన్ని చూసుకుని రీడింగ్ హాళ్లవాళ్లు కొత్త అరలు కొట్టించారు. ఈ పేటలో కంప్యూటర్ చదువు వల్ల నెల తప్పకుండా ఆదాయం వచ్చే వృత్తులు ఏవని ఎవరైనా సర్వే చేస్తే, హాస్టల్, జిరాక్స్, కర్రీ పాయింట్, ప్లైవుడ్ పని ముందు వరసలో ఉంటాయి. వీటికి నోటిఫికేషన్ అక్కర్లేదు, బెంచి మీద కూర్చోబెట్టే ప్రాజెక్టు మేనేజరూ ఉండడు.

కరెంటు స్తంభం మీద కాగితం చూసి హాస్టల్‌కు వచ్చిన తండ్రీకొడుకులను ఓనరు అడిగే మొదటి ప్రశ్న చదువు గురించే.

"ఏం జదివిండు?"

"బీటెక్ కంప్యూటర్స్ అన్నా."

"అది అందరూ జదివిండ్రు గని, సాఫ్ట్‌వేరా, గ్రూప్సా?"

"ఏంది, కిరాయిల తేడా ఉంటదా?"

"కిరాయి ఒక్కటే. సాఫ్ట్‌వేరోళ్లు జాబ్ రాంగనే ఆర్నెల్లకు గచ్చిబౌలి వోతరు, మళ్ల రూమ్ ఖాళీ. గ్రూప్సోళ్లే నయం, నాలుగైదేండ్లు కదలరు. మీవాడు గ్రూప్సే అయితే కిటికీ పక్క బెడ్ ఇస్త."