కింద పడని చుక్క

కారుకొచ్చే రోగాల్లో భళ్లుమని బయటపడేవే నయం. రేడియేటరు పగిలిందనుకోండి, ఆవిరి లేస్తుంది, బండి ఆగిపోతుంది, నలుగురు పోగవుతారు, ఎవరో ఒకరు తాడు తెస్తారు. ఆ పూటకి వ్యవహారం తేలిపోతుంది. కూలెంటు సన్నసన్నగా తగ్గడం అలాంటిది కాదు. ఒక ఆదివారం డబ్బాలో పైగీత దగ్గరుంటుంది, ఇంకో ఆదివారానికి వేలెడు కిందికి దిగుతుంది. నేల మీద మరకుండదు, పొగుండదు, డ్యాష్‌బోర్డులో దీపం వెలగదు. పోయిన మాట నిజం, ఎటు పోయిందో చెప్పే సాక్షి లేడు.

పైగా మాది హైబ్రిడ్. పెట్రోలు ఇంజనొకటి, కరెంటు మోటారొకటి. ఎప్పుడు ఎవరు పనిచెయ్యాలో వాళ్లలో వాళ్లే తేల్చుకుంటారు, నడిపేవాణ్ణి అడగరు. బానెట్ ఎత్తితే కూలెంటు డబ్బాలు కూడా రెండు. ఒకటి ఇంజనుది. రెండోది ఇన్వర్టరుది, అంటే బ్యాటరీ కరెంటుని మోటారుకి పనికొచ్చేలా మార్చి పంపే పెట్టెది. అదీ వేడెక్కుతుంది గనక దానికీ వేరే పంపు, వేరే గొట్టాలు. రెండు డబ్బాల్లోనూ ఒకటే గులాబీ రంగు నీళ్లు. తగ్గుతున్నది ఇంజను డబ్బాలో. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ముందు ఇన్వర్టరు డబ్బాలోకి తొంగిచూసి, "నిండుగానే ఉంది కదండీ" అని నావంక జాలిగా చూసేవాళ్లు.

ఈ బండికి వేడి చూపించే ముల్లు కూడా లేదు. ఇంజను చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం. ఆ మధ్యలో జరిగేది మనకి అనవసరమని తయారుచేసినవాళ్ల ఉద్దేశం కాబోలు. డాబా మీది నీళ్ల ట్యాంకు ఖాళీ అయితే మోగడానికి అలారం పెట్టుకున్నాం, ఇన్ని లక్షల బండికి కూలెంటు తగ్గిందని చెప్పే ఏర్పాటు లేదు! బెజవాడలో మే నెల, బెంజి సర్కిల్ సిగ్నలు, ఏసీ ఫుల్లు. ఆ ఎర్ర దీపం వెలుగుతుందేమోనని చూస్తూ కూర్చుంటే రేడియోలో ఏ పాట వస్తోందో కూడా తలకెక్కదు.

మొదటి సిద్ధాంతకర్త మా అపార్టుమెంటు వాచ్‌మన్. "సార్, దొరికిందండీ!" అని సెల్లారులోంచి కేకేశాడు. నిజమే, బండి కింద చిన్న మడుగు. అది ఏసీ నీళ్లు. లోపలి గాల్లో తేమంతా చల్లటి కాయిల్ మీద నీరై, గొట్టంలోంచి కిందికి కారుతుంది. వేసవిలో ఏసీ వేసుకుని తిరిగొచ్చిన ప్రతి కారూ ఆ పని చేస్తుంది. తేడా తెలియాలంటే వేలు పెట్టి చూడాలి. నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. కూలెంటు రంగుతో, జిడ్డుగా, కాస్త తియ్యటి వాసనతో ఉంటుంది. వాసన వరకే. అందులో సగం ఇథిలీన్ గ్లైకాల్, కడుపులోకి వెళ్తే విషం. ఆ తీపికి ఆశపడి నాకిన కుక్కలూ పిల్లులూ చచ్చిపోతాయి. ఇదంతా వాచ్‌మన్‌కి వివరించాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ "సార్, దొరికిందండీ!"

రెండో సిద్ధాంతం మా మావయ్యది. ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యాడు. "ఒరే అబ్బాయ్, గుప్పెడు పసుపు కొట్టి పోనియ్‌రా. శ్రీశైలం ఘాటులో నేను చెయ్యని వైద్యమా?" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. పాత రేడియేటరుకి సూదిమొనంత బెజ్జం పడితే, పసుపు పొడి అక్కడికి చేరి అడ్డంపడి ఊరు చేర్చేది. కానీ ఈ బండిలో ఉన్నవి సన్నటి దారులు, కరెంటుతో తిరిగే చిన్న పంపు. పసుపు ముందు పూడ్చేది వాటినే. ఆ మాటంటే, "అంత సున్నితమైనదాన్ని రోడ్డుమీదికి ఎందుకు తెచ్చావు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఒక సర్వీసు సెంటరువాళ్లు స్కానరు పెట్టి, "కోడ్ ఏమీ లేదు సార్" అని, ఆ వెంటనే, "హెడ్ గ్యాస్కెట్ అయ్యుండొచ్చు, విప్పి చూడాలి" అన్నారు. అనుమానం తప్పు కాదు. బయట తడి కనిపించకపోతే కూలెంటు సిలిండర్లోకి దిగి కాలిపోతూ ఉండొచ్చు. అలాగైతే పొద్దున్నే స్టార్టు చేయగానే ఇంజను వణకాలి, సైలెన్సరు తెల్లపొగ వదలాలి. మా బండి వణకలేదు, పొగ వదల్లేదు. దానికి విప్పక్కర్లేని పరీక్ష ఒకటుంది. రేడియేటరు మూతి దగ్గర గాలిని పీల్చి, నీలం రంగు మందులోంచి పంపుతారు. సిలిండరు పొగ అందులో కలిసి ఉంటే మందు పసుపురంగుకి తిరుగుతుంది. అది చెయ్యమని అడిగాను. "మందు స్టాకు లేదు సార్." ఇంజను విప్పడానికి మాత్రం రేపే రమ్మన్నారు.

ఈలోగా మా అబ్బాయి కూలెంటులో కలిపే మెరుపు రంగు తెప్పించాడు. నాలుగు రోజులు తిరిగాక చీకట్లో అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే, కారినచోట పచ్చగా మెరవాలి. దొంగనోట్లు పట్టడానికి కొట్లలో వాడే దీపం జాతిదే. రాత్రి సెల్లారులో దీపాలార్పి, పంచె ఎగ్గట్టి బండి కిందికి దూరాను. ఇంజను దగ్గర ఏమీ మెరవలేదు. మెరిసింది నా పంచె. బట్టల సబ్బు పొడిలో తెలుపు కోసం వేసే రసాయనం ఆ వెలుగులో నీలంగా వెలుగుతుంది. లిఫ్టులోంచి దిగిన మూడో అంతస్తు పిన్నిగారికి, చీకట్లో కారు కింద నుంచి పొడుచుకొచ్చిన నీలం కాళ్లు కనిపించాయి. ఆవిడ కేకకి దీపాలన్నీ వెలిగాయి.

చివరికి ఆటోనగర్లో, లారీ బాడీలు కట్టే షెడ్ల వెనకున్న మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు నా చేతిలోంచి రిమోటు తాళం తీసుకుని, దూరంగా ఉన్న రేకుపెట్టెలో పడేశాడు. హైబ్రిడ్ చడీచప్పుడూ లేకుండా ఆన్‌లోనే ఉండి, చెయ్యి లోపల ఉన్నప్పుడు ఠక్కున ఇంజను లేపగలదు. తర్వాత కుర్రాళ్లకి నారింజరంగు తీగలు చూపించి, "వాటి జోలికెళ్లారంటే ఇంటికి కబురు నేనే పంపాల్సొస్తుంది" అన్నాడు. అందులో రెండొందల వోల్టుల పైమాటే.

ఇంజను ఆగకుండా తిరగాలంటే దాన్ని మెయింటెనెన్సు మోడ్‌లో పెట్టాలి. పార్కులో యాక్సిలరేటరు రెండుసార్లు అడుగంటా తొక్కాలి, న్యూట్రల్లో రెండుసార్లు, మళ్లీ పార్కులో రెండుసార్లు, అంతా ఒక్క నిమిషంలో. ఓ కుర్రాడు ఫోన్లో చూసి చదువుతుంటే ఇంకోడు తొక్కాడు. "మడి కట్టుకోవాలా అన్నా?" అని మధ్యలో అడిగినందుకు నిమిషం దాటిపోయి, మళ్లీ మొదలెట్టాల్సొచ్చింది. ఇంజను వేడెక్కింది. అంతా పొడిగానే ఉంది. మేస్త్రి ఆపించి, "వేడిమీద ఇది నిజం చెప్పదు సార్. రాత్రికి వదిలేసి పొద్దున్నే రండి" అన్నాడు.

తెల్లారేసరికి వెళ్లాను. ఇంజను చల్లబడి ఉంది. రేడియేటరు మూత తీసి, మీటరున్న చేతిపంపు బిగించి, సుమారు ఒక బార్ దాకా కొట్టాడు. ఇక చెయ్యాల్సిందేమీ లేదు, ముల్లుని చూడ్డమే. మనవాళ్లకి చేతకాని పని ఇదొక్కటే. కుర్రాళ్లిద్దరూ గొట్టాలు పిసకబోతే కసిరాడు. టీ వచ్చింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ముల్లు వెంట్రుకవాసి దిగింది.

అప్పుడు ఇంజను కింది నల్లటి ప్లాస్టిక్ రేకు ఊడదీశాడు. దాని మీద పీచుమిఠాయి రంగు పెచ్చు కట్టి ఉంది. కారిన చుక్క నేలదాకా వస్తే కదా! రేకు మీద పడి, ఇంజను వేడికి అక్కడే ఆరిపోతోంది. పైకి చూస్తే, పంపుకి తగిలించిన గొట్టం చివర స్ప్రింగు క్లిప్పు కింద ఒక చుక్క ఊరుతోంది. ఆవగింజంత అయి, శనగగింజంత అయి, వేలాడుతూ ఆలోచిస్తోంది. మేస్త్రి చూపుడువేలు ఆనించి బొటనవేలితో రాసి, వాసన చూసి, నా ముక్కు దగ్గర పెట్టాడు. గొట్టం ఎప్పుడో ఎవరో విప్పి, తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పుని పాత గాడిలో కాకుండా అంచుమీద కూర్చోబెట్టారు. ఆ అతుకు వేడికి వ్యాకోచించి బిగుసుకుంటుంది, చల్లారితే సందిస్తుంది. మేం వేడిమీద వెతికినప్పుడల్లా అది బుద్ధిగా ఉండేది అందుకే.

కొత్త గొట్టం, కొత్త క్లిప్పు. గులాబీ కూలెంటు పోసి, లోపలి గాలి బుడబుడలన్నీ పోయేదాకా ఇంజను తిప్పాడు. ఆ తర్వాత డబ్బాలో నీళ్లు గీత దిగలేదు.

మావయ్య వచ్చి బానెట్ ఎత్తించి, ఇన్వర్టరు డబ్బాలోకి తొంగిచూసి తృప్తిపడ్డాడు. వెళ్తూ వెళ్తూ డ్యాష్‌బోర్డు అరలో ఏదో పెడుతుంటే చూశాను. పసుపు పొట్లం. వద్దంటే వినలేదు.

"ఉండనీరా, దీనికి కాకపోతే పులుసులోకైనా పనికొస్తుంది."