థర్మకోల్ చెట్టు కింద శాస్త్రవేత్త

పర్యావరణాన్ని బడుల్లో తప్పనిసరిగా బోధించమని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. మనవాళ్లు ఆ ఆజ్ఞను శిరసావహించి ఫైలుగా కుట్టేశారు. భిలాయిలో ఇప్పుడా ఫైలు పిల్లలు చేయక్కర్లేదు, స్టేషనరీ కొట్టువాడే చేసిపెడతాడు. 'భూమిని కాపాడండి' అని ప్లాస్టిక్ కవరు మీద అచ్చేసి మరీ ఇస్తాడు. జూన్ 5 వేసవి సెలవుల్లో పడుతుంది కాబట్టి పర్యావరణ దినోత్సవం నాడు మొక్కకీ పిల్లాడికీ ముఖపరిచయమైనా ఉండదు.

ఈమధ్య ఇంకో మెట్టెక్కారు. శాస్త్రవేత్తలే వచ్చి చేయించి నేర్పుతారట! ఒక బడిలో ఆ వైభోగం చూశాను. వేదిక మీద థర్మకోల్ మర్రిచెట్టు, కింద శాలువా కప్పుకున్న శాస్త్రవేత్త. పాపం, ఆయన జేబులో ఒక అయస్కాంతం, ఒక తెల్ల రుమాలు తెచ్చుకున్నాడు. బయట మామిడాకును తుడిచి, రుమాలుకంటిన దుమ్ము మీద అయస్కాంతం తిప్పి, ఏమైనా పైకి లేస్తుందేమో పిల్లల చేతే చూపిద్దామని ఆశ. ఉక్కు ప్లాంటు దగ్గరి ఆకొకటి, దూరపు సెక్టారు ఆకొకటి పక్కపక్కన పెడితే చాలు, ప్రశ్నలు వాళ్లే వేస్తారు. ఏమీ లేవకపోయినా అదీ పాఠమే. హెడ్మాస్టరుగారికి ముచ్చెమటలు పోశాయి. "తెల్ల యూనిఫారాలండీ! పైగా సగంమంది తండ్రులు ప్లాంటులోనే డ్యూటీ. ఇప్పుడీ దుమ్ము గొడవెందుకు? అమెజాన్ అడవుల గురించి నాలుగు ముక్కలు చెప్పండి, చాలు." ఆయన చెప్పాడు. చప్పట్లు బ్రహ్మాండంగా మోగాయి.

చేయించి నేర్పడంలో రెండో అంకం మైత్రీబాగ్ విహారం. భారత్-సోవియట్ స్నేహానికి గుర్తుగా 1972లో వెలసిన తోట అది. అక్కడ తెల్లపులిని చూపించి "ప్రకృతి వైవిధ్యం" అంటారు. తెల్లపులి వేరే జాతేం కాదు, మామూలు పులికే జన్యువుల్లో వచ్చిన రంగు తేడా. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పులికి పుట్టిన సంతానాన్ని వాటిలో వాటికే కలిపి జూలు పెంచుకుంటూ వచ్చాయి. మనుషులు బోనులో తయారుచేసిన జంతువును చూపించి అడవి పాఠం చెప్పడానికి నిజంగా గుండె ధైర్యం కావాలి. మన ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువు అడవిగేదె. దాని సంగతి ఎవరికి కావాలి, తెల్లగా ఉండదు కదా!

నిజంగా చేయించి నేర్పడం ఎవరికీ చేతకాని బ్రహ్మవిద్య కూడా కాదు. అదే 1972లో, భిలాయి ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు, ఆ రాష్ట్రంలోనే హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో అలాంటి సైన్సు చదువు మొదలుపెట్టారు. టాటా ఇన్‌స్టిట్యూట్, ఢిల్లీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి మాస్టర్ల పక్కన కూర్చున్నారు. పిల్లలు పొలాల వెంట తిరిగారు, ఆకులూ పురుగులూ ఏరుకొచ్చారు, పుస్తకం ముందు పెట్టుకునే పరీక్ష రాశారు. ముప్ఫై ఏళ్లు నడిచింది. 2002లో ప్రభుత్వం మూసేసింది. శాలువాల పద్ధతిని మాత్రం ఇంతవరకూ ఎవరూ మూయలేదు.

ఈ మాటే ఎత్తితే, కొడుకును ఐఐటీ కోచింగ్‌లో వేసిన మా పక్కింటాయన తేల్చేశాడు. "జేఈఈలో మామిడాకు మీద ప్రశ్నొస్తుందటండీ? ముందు వాణ్ణి ర్యాంకు తెచ్చుకోనివ్వండి. అమెరికా వెళ్లాక అక్కడి నేషనల్ పార్కుల్లో చెట్లు చూస్తాడు లెండి, బోలెడు."