వెనక బెంచీలు ఖాళీ

మా రోజుల్లో పనిలో మనిషి పోతే ఆ మాట ప్రతి ఫ్యాక్టరీ భోజనాల గదికీ చేరేది. 1998 సెప్టెంబరులో విక్టోరియాలోని లాంగ్‌ఫర్డ్ గ్యాస్ ప్లాంటు పేలి ఇద్దరు పోయారు. మెల్‌బోర్న్‌లో దాదాపు రెండు వారాలు గ్యాస్ లేదు, చన్నీళ్లు పోసుకుని డ్యూటీకి పరిగెత్తాం. తప్పు ఆపరేటర్లదని ప్లాంటు నడిపే ఎస్సో కంపెనీ చెప్పబోతే రాయల్ కమిషన్ ఒప్పుకోలేదు. 2001లో కంపెనీకి 20 లక్షల డాలర్ల జరిమానా పడింది. మా షాపు ఫ్లోరులో ఆ అంకె తెలియనివాడు లేడు.

ఇప్పుడు చట్టం పదునెక్కింది, పట్టించుకునేవాళ్లే కరువయ్యారు. విక్టోరియాలో 2020 జూలై నుంచి తీవ్ర నిర్లక్ష్యం వల్ల పనిలో జరిగే చావును నరహత్యగా చూస్తున్నారు, మనిషికైతే 25 ఏళ్ల జైలు దాకా వేయొచ్చు. దాని కింద శిక్షపడ్డ మొదటి కేసు మెల్‌బోర్న్ శివారు సోమర్టన్‌లోని ఒక రాళ్లు కోసే కంపెనీది. 2021 అక్టోబరులో బరువు పైకెత్తిన ఫోర్క్‌లిఫ్ట్ వాలులో బోల్తాపడి ఒక సబ్ కాంట్రాక్టరు ప్రాణం తీసింది. ఆ కంపెనీకి కోటీ 80 లక్షల డాలర్ల దాకా జరిమానా వేసే వీలుండేది. 2024లో వేసింది 13 లక్షలు! డైరెక్టరుకు జైలు లేదు. అప్పటికి ఇరవై మూడేళ్ల కిందటి లాంగ్‌ఫర్డ్ జరిమానా కన్నా నరహత్యకు మొదట పడింది తక్కువ.

మా వీధిలో వేర్‌హౌస్‌కు వెళ్లే తెలుగు కుర్రాళ్లను ఈ కేసు గురించి అడిగాను. "అవునా అంకుల్?" అని ఫోన్లోకి తలదించారు. రోజూ ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్లు వాళ్లే. నాకు కడుపు మండింది.

శిక్ష చాలదని పోయినవాడి ఇంటివాళ్లు అప్పీలు చేయడానికి వీల్లేదు, యూనియనుకూ వీల్లేదు. ఆ హక్కు పబ్లిక్ ప్రాసిక్యూషన్స్ డైరెక్టరుది. ఆయనైనా "ఇంకొంచెం వేయండి" అంటే సరిపోదు, శిక్ష ఎవరికైనా కనిపించేంత తక్కువని రుజువు చేయాలి. అందుకే అలాంటి అప్పీళ్లు అరుదు. ఈ కేసులో చేశారు. 2025లో అప్పీలు కోర్టు జరిమానాను 30 లక్షలకు పెంచింది.

మా రోజుల్లో ఇలాంటి విచారణకు షిఫ్టు మార్చుకునైనా వెళ్లేవాళ్లం, కోర్టులో వెనక బెంచీలు నిండేవి. పోయినవాడి ఇంటివాళ్లు ఒంటరిగా కూర్చోకూడదని.

బాబూ, ఈసారి అలాంటి కేసు వస్తే ఒక్క పూట సెలవు పెట్టండి. నేనూ వస్తాను.