యాభై ఒకటో శాతం

చేవెళ్ల మండలం ఆలూరులో ఒక మనిషికి చూపు మందగించిన సంగతి, వినికిడి పోయిన సంగతి వాడకట్టు మొత్తానికి తెలిసినా, ప్రభుత్వానికి తెలియాలంటే మాత్రం సదరం క్యాంపు, అనగా వైకల్యాన్ని వైద్యులు శాతాల్లో కొలిచే శిబిరం, దాటాల్సిందే. అందుకు ముందుగా దరఖాస్తు చేసుకోవలసి ఉంటుంది కనుక, చూపు లేదని నిరూపించుకోదలచినవారు తమ తేదీ తెలిపే మెసేజీని చదవగలగాలి. వినపడదని నిరూపించుకోదలచినవారు వరండాలో పేరు పిలవగానే పలకగలగాలి. ఈ ప్రవేశ పరీక్షల ప్రస్తావన ఏ చట్టంలోనూ లేదు.

1995 నాటి దివ్యాంగుల చట్టం గుర్తించిన 7 రకాల వైకల్యాలను 2016 చట్టం 21కి పెంచి, ప్రత్యేక సౌకర్యాలకు 40 శాతాన్ని గీతగా గీసింది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది చక్కగా ఉంటే 30 శాతమే లెక్కకొస్తుంది గనుక, మిగతా పదికీ ఆ రెండో కన్నే సహకరించాలి.

చెవి వ్యవహారం ఇంతకన్నా చిక్కైనది. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమనే పరీక్షలో మనిషి మాట మీద ఆధారపడక తప్పదు. ఆ మాటను నమ్మలేనప్పుడు తలకు తీగలు అంటించి, శబ్దానికి నాడి స్పందించే తీరును నమోదు చేసే ‘బెరా’ పరీక్షకు పంపుతారు. ఇంత శ్రద్ధగా తేల్చిన 40 శాతం కూడా పింఛనుకు చాలదు, ఎందుకంటే 2014 నాటి రాష్ట్ర పింఛను పథకం ‘ఆసరా’ నిబంధనలు తక్కిన దివ్యాంగులకు 40 శాతం చాలని చెప్పి, వినికిడి లోపానికి మాత్రం 51 శాతం కావాలన్నాయి. ఆ పదకొండు శాతం మౌనం ఎవరి ఖాతాలోకి పోతుందో నిబంధనలు చెప్పవు. 2023లో 4,016 రూపాయలకు పెరిగిన పింఛను మాత్రం ఆ 40 శాతం తేలిన మనిషి ఖాతాలోకి రాదు.

అందువల్ల వినికిడి లోపం 45 శాతం తేలిన ఆలూరు రైతు, కేంద్రమిచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీలో దివ్యాంగుడిగానూ, పింఛను జాబితాలో ఆరోగ్యవంతుడిగానూ ఏకకాలంలో చలామణీ అవుతాడు. అయితే ఉపకరణాలు సమకూర్చే కేంద్ర పథకం ‘అడిప్’కు 40 శాతమే చాలు కాబట్టి, ఆదాయ పరిమితికి లోబడి ఉంటే అతనికి వినికిడి యంత్రం దొరుకుతుంది, అది పెట్టుకొని మండల కార్యాలయానికి వెళితే, పింఛను రాదన్న సమాధానం స్పష్టంగా వినపడుతుంది.