మే నెల పక్షుల తరఫున దివాన్ గారికి దర్ఖాస్తు

శ్రీయుత మీర్ ఆలం బహదూర్ గారికి,
మాజీ దివాన్, నిజాం సర్కారు,
దాయిరా మీర్ మోమిన్, పాతబస్తీ, హైదరాబాద్.

విషయం: తమరు కట్టించిన మీర్ ఆలం చెరువులో ఎండాకాలం కాపురముండే పక్షుల గురించి.
సూచిక: లేదు. ఫైలు ఏ ఆఫీసులో ఉందో తేలలేదు.

హుజూర్,

తమరు 1808లోనే కాలం చేశారని తెలిసే రాస్తున్నాను. బతికున్నవాళ్లను అడగకుండా తమ దాకా రాలేదు. నీళ్లు మావి కావన్నారు ఒకచోట. గట్టు సంగతి పక్క బిల్డింగులో కనుక్కోమన్నారు. గుర్రపుడెక్క తీయించే సెక్షను వేరేనట, ఆ సారు లీవులో ఉన్నారట. చెరువు మొత్తం నాదే అనగలిగిన మనిషి చివరికి తమరొక్కరే తేలారు. పైగా పని జరిపించడం తెలిసినవారు. 1804 జూలై 20న పునాది రాయి పడితే 1806 జూన్ 8కల్లా కట్ట పూర్తయింది. 21 అర్ధచంద్రాకారపు తోరణాలు వరసగా నిలబెట్టి, వాటి ఉబ్బును నీటివైపు తిప్పించారు. ఆ కట్ట ఇప్పటికీ కదల్లేదు. ఈ రోజుల్లో రెండేళ్లంటే టెండరు పిలవడానికే సరి. క్షమించాలి, పక్షుల సంగతికొస్తాను.

చలికాలం పక్షులకు మా దగ్గర లోటు లేదు. జనవరి వచ్చిందంటే పెద్ద కెమెరాలు దిగుతాయి, నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది, పేపర్లలో విదేశీ అతిథులంటూ ఫొటోలు పడతాయి. కోస్తాలోనూ ఇదే తీరు. పులికాట్ దగ్గర సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పేరుతో పండుగే చేస్తారు, అదీ చలికాలంలోనే. అతిథులు వెళ్లిపోయాక ఇంటివాళ్లను పలకరించే దిక్కుండదు. మే నెలలో నేను దుర్బిణి మెడలో వేసుకుని తాడ్‌బన్ వైపు నడుస్తుంటే చాయ్ హోటల్లో కూర్చున్న పెద్దాయన, "పరిందే తో చలే గయే మియా, అబ్ క్యా దేఖ్‌తే?" అని జాలి పడ్డాడు.

పక్షులెక్కడికీ పోలేదు హుజూర్. తెల్లారి ఆరు లోపల వస్తే తమరే చూస్తారు. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి. నీలిరంగు నీటికోళ్లు ఎర్రటి ముక్కులతో జమ్ము దుబ్బులు పీకుతూ పెద్ద రైతుల్లా తిరుగుతుంటాయి. మగ గిజిగాడికి తల మీద పసుపు పూసినట్టు రంగొచ్చి, గూటికి కొమ్మ వెతుక్కునే రోజులివి. పొడుగువేళ్ల జకానా గుర్రపుడెక్క ఆకుల మీదే నడుస్తుంది. వానలు పడ్డాక ఆ తేలే ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. పొదిగేదీ పిల్లల్ని సాకేదీ మగదే. ఆడది ఇంకో మగడిని వెతుక్కుంటూ పోతుంది. తమ కాలపు జనానాలో ఈ కబురు చెబితే ఏమనేవారో!

అన్నిటికన్నా తీతువు పిట్ట గురించి చెప్పాలి. రాత్రిపూట అరిస్తే కీడని మనవాళ్లు తిడతారు. ఆకాశం మీద పడకుండా కాళ్లు పైకెత్తి పడుకుంటుందని ఎగతాళి కూడా చేస్తారు. ఇది గూడు కట్టదు. నీరు తగ్గి బయటపడ్డ నేలలో చిన్న గుంట చేసి, నాలుగు గులకరాళ్లు పేర్చి, వాటి మధ్య గుడ్లు పెడుతుంది. మచ్చల వల్ల గుడ్డేదో రాయేదో తెలియదు. నలభై దాటిన ఎండలో ఆ గుడ్లను వెచ్చబెట్టడం కాదు, ఉడికిపోకుండా కాయడమే దాని తిప్పలు. నీటిదాకా వెళ్లి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్ల మీద కూర్చుంటుంది. ఆరితే మళ్లీ వెళుతుంది. కుక్క వస్తే తల మీదికి దూకుతుంది, మనిషొస్తే గోల చేసి దూరం తీసుకుపోతుంది. జేసీబీ వస్తే మాత్రం దాని దగ్గర ఏ ఉపాయమూ లేదు.

అసలు ఫిర్యాదు అదే. నీరు తగ్గేది ఎండాకాలంలోనే కాబట్టి ఎక్కడైనా చెరువు పనులు అప్పుడే పెట్టుకుంటారు. ఒడ్డు చెక్కడం, పూడిక తీయడం, జమ్ము నరకడం అన్నీ ఒకేసారి, చుట్టూ ఒకే ఊపున. గుర్రపుడెక్క తీయొద్దని నేననను. ఇది దక్షిణ అమెరికా మొక్క, తమ కాలంలో ఈ నేల మీద లేదు, బెంగాల్‌లో అడుగుపెట్టిందే 19వ శతాబ్దం చివర్లో. మురుగు తాగి బలుస్తుంది. ఒకప్పుడు నగరం తాగిన నీళ్లివి. ఇప్పుడు వాటిలోకి ఏమొచ్చి కలుస్తుందో తమకు చెప్పే ధైర్యం నాకు లేదు. కాలవల్లో మురుగు ఆపకుండా పైన ఆకు లాగేస్తే మూడు నెలల్లో మళ్లీ పరుచుకుంటుంది, బిల్లు కూడా మళ్లీ పుడుతుంది. ఈ మధ్య చెరువు మీదుగా తీగల వంతెన కూడా కడతామంటున్నారు. దీపాలు బాగానే పెడతారు. రాత్రి చీకటి కావలసినవాళ్లను ఎవరూ అడగలేదు.

1931-32లో సలీం అలీ సాహెబ్ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. రాజ్యంలో ఏ పక్షి ఎక్కడుందో రాసిపెట్టుకోవడం సర్కారుకు పనికొచ్చే సంగతేనని అప్పటివాళ్లకు తెలుసు. ఇప్పుడు చెరువు పని మొదలుపెట్టేముందు ఒక్కపూట ఎవరైనా దుర్బిణి పట్టుకుని ఒడ్డు చుట్టి వస్తే చాలు.

కాబట్టి తమరు కలలో కనిపించైనా సరే, ప్రస్తుతం ఆ కుర్చీల్లో ఉన్నవారికి ఇంత మాత్రం హుకుం జారీ చేయాలి. ఒడ్డంతా ఒక్క ఎండాకాలంలో గీకకుండా, ఏటా ఒక పక్కే పని చేయించాలి. జూ వైపు జమ్ము దుబ్బుల జోలికి పోకూడదు. తీతువు అరుస్తున్న చోట యంత్రాన్ని నాలుగు వారాలు ఆపాలి, గుడ్లు పిల్లలవడానికి ఆ మాత్రం చాలు. ముందు మురుగు కాలవలు, ఆ తర్వాతే గుర్రపుడెక్క.

ఇట్లు,
బహదూర్‌పురా వాసి, పక్షుల తరఫున