తూకం వేసిన తీరిక

ఉత్తర వర్జీనియాలో, అందునా ఆష్‌బర్న్ చుట్టుపక్కల, దసరా సందడి సద్దుమణగగానే ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. పేరు ‘చిల్ ట్రిప్’. దాన్ని పుట్టించే పెద్దమనిషికి సొంత పేరొకటి ఉండే ఉంటుంది గానీ అందరికీ ఆయన బావగారే. మొదటి సందేశం ఏటా ఒకటే: “ఏం హడావుడి లేదు. శనివారం కొండెక్కుదాం, రాత్రి గుడారాల్లో పడుకుందాం, ఆదివారం దిగొచ్చేద్దాం. ఫుల్ రిలాక్స్.” పదకొండు నిమిషాల తర్వాత రెండోది వస్తుంది. అందులో ఎక్సెల్ షీటు ఉంటుంది.

వెళ్లేది షెనాండోవా నేషనల్ పార్కుకి. వాషింగ్టన్ నుంచి సుమారు 75 మైళ్లు. 1935లో ఏర్పడిన ఆ పార్కులో కొండల వెన్నుమీదుగా 105 మైళ్ల పొడవున స్కైలైన్ డ్రైవ్ సాగుతుంది. గంటకు 35 మైళ్లు దాటకూడదు. అక్టోబరు శనివారాల్లో ఆకులు చూడ్డానికొచ్చిన కార్ల వెనక ఆ 35 దక్కడమే గొప్ప. అక్కడ రంగులు బాగా తిరిగేది ఆ నెల మధ్యనుంచి చివరిదాకా. ముందు శిఖరాల మీద, తర్వాత లోయల్లో. బావగారు ఇంతటితో వదలరు. ఆకులో పత్రహరితం విరిగిపోతే లోపల దాగిన పసుపు బయటపడుతుందని, ఎరుపు మాత్రం అప్పటికప్పుడు తయారయ్యే సరుకని, దానికి పగలు ఎండా రాత్రి గడ్డకట్టనంత చలీ కావాలని వివరించి, ఫలానా శనివారమని తేల్చేస్తారు. పెళ్లికైనా పంతులుగారు రెండు ముహూర్తాలిస్తారు. ఈయన ఒకటే ఇస్తారు.

అక్కణ్నుంచి తూకాలు మొదలవుతాయి. తిండి, నీళ్లు, పొయ్యి ఇంధనం తీసేస్తే సంచి బరువు 10 పౌండ్ల లోపుండాలన్నది తేలికసంచి సంప్రదాయంలో పెద్ద నియమం. మన లెక్కలో నాలుగున్నర కిలోలు. బావగారు చేతికి వేలాడదీసుకునే డిజిటల్ తూకం ఒకటి కొన్నారు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోశారు. టీషర్టుల లేబుళ్లు కత్తిరించారు. నూలుబట్ట చెమటకి తడిసి ఆరదు, చలిలో ప్రాణం మీదికొస్తుందని బామ్మర్ది లుంగీని జాబితాలోంచి కొట్టేశారు. కొట్టేయడం న్యాయమే గానీ, బామ్మర్ది ఇప్పటికీ ఆ మాటెత్తుతాడు.

“ఏవండీ, ఆవకాయ ఎంత తూగింది?” అని వంటింట్లోంచి భార్య.

“సీసాతోనా, సీసా లేకుండానా?”

“అబ్బ, వట్టి ఆవకాయే!”

“టెంకతోనా, టెంక తీసేసా?”

ఆవిడ ఇంకేమీ అడగలేదు. నిజానికి ఆ ఇంట్లో తేలికసంచి శాస్త్రం అసలు తెలిసింది ఆవిడకే. నీళ్లుండకూడదు, పాడవకూడదు, గుప్పెడుంటే కడుపు నిండాలి అని కొండలెక్కే అమెరికన్లు డబ్బులు పోసి ఎండబెట్టిన భోజనం పొట్లాలు కొంటారు. కందిపొడి, వేయించిన ఉప్మారవ్వ, చింతపండు పులుసుతో మర్నాటికీ నిలిచే పులిహోర మనకు తరాలుగా ఉన్నవే. షీటులో ఆ వరస ఆవిడ ఒక్క నిమిషంలో నింపేసింది.

యాత్ర సరంజామా కొత్త గొడవేం కాదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య వెంట సుమారు వందమంది పరివారం నడిచింది. ఆయనది పదిహేను నెలల ప్రయాణం. రెండో కొసన ఎమ్మా గేట్‌వుడ్ అనే అమ్మమ్మ ఉంది. 1955లో, 67 ఏళ్ల వయసులో, తానే కుట్టుకున్న సంచి ఒకటి భుజాన వేసుకుని, కాన్వాసు బూట్లతో, వానకి స్నానాలగది కర్టెన్ కప్పుకుని, అపలాచియన్ ట్రెయిల్ రెండువేల పైచిలుకు మైళ్లూ ఒంటరిగా నడిచేసింది. బావగారికి ఆవిడంటే భక్తి. ఆవిడ నిరాడంబరత గురించి షీటులో ఆరో ట్యాబు పెట్టారు. ప్రింటు తీస్తే నాలుగు పేజీలు.

ఏడో ట్యాబు పైకి చదవరు. నీటి వనరుకి 200 అడుగుల దూరం, గొయ్యి లోతు ఆరంగుళాలు, తవ్వడానికి టైటానియం తాపీ, 17 గ్రాములు. తాతగారు చెంబుతో చేనుగట్టుకు వెళ్లినప్పుడు ఇంత ఆలోచించలేదు.

చలిమంట చుట్టూ అంత్యాక్షరి పెట్టుకుందామనుకున్నవాళ్లకి మొదటి దెబ్బ పర్మిట్ దగ్గరే తగిలింది. ఆ అడవిలో గుడారం వేసుకునే చోట మంట వెయ్యనివ్వరు. రెండోది ఎలుగుబంట్లు. తిండి, పేస్టు, సబ్బు, వాసనొచ్చేదేదైనా సంచిలో కట్టి, నేలకి 10 అడుగుల ఎత్తున, మానుకి 4 అడుగుల ఎడంగా కొమ్మకి వేలాడదియ్యాలి. లేదా గట్టి డబ్బాలో పెట్టుకోవాలి. డబ్బా కిలో పైన తూగుతుంది కనక బావగారు తాడుకే మొగ్గారు. పెరట్లో మేపుల్ చెట్టుకింద మూడు సాయంత్రాలు, తాడు కొసకి రాయి కట్టి విసిరారు. మొదటిరోజు రాయి పక్కింటి వాళ్ల కంచె దాటింది. రెండోరోజు ఆ పక్కింటాయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. మూడోరోజు కొలిస్తే పది అడుగుల రెండంగుళాలు వచ్చింది. చప్పట్లు పడ్డాయి.

కొండమీద శనివారం షీటు ప్రకారమే గడిచింది. ఆరుగురూ రెండున్నర మైళ్లు నడిచారు, పులిహోర తిన్నారు, ఆరున్నర అయ్యేసరికి పొద్దుగూకితే ‘విశ్రాంతి, 6:30 నుంచి 7:15’ అన్న గడి ప్రకారం విశ్రాంతి తీసుకున్నారు. సంచి ఒక్క విసురుకే కొమ్మెక్కింది. ఎలుగు రాలేదు.

తెల్లారి సంచీ రాలేదు. తాడు కొమ్మ పంగలో ఇరుక్కుపోయింది. ఆరుగురూ కిందనించుని పైకి చూస్తున్నారు. ఉప్మారవ్వ, పులిహోర, ఆవకాయ, కాఫీపొడి సరిగ్గా 10 అడుగుల ఎత్తున, మానుకి 4 అడుగుల ఎడంగా మెల్లగా ఊగుతున్నాయి.

అపలాచియన్ ట్రెయిల్ ఈ కొండల మీదుగానే పోతుంది కనక, మెయిన్ రాష్ట్రంలో మొదలుపెట్టి దక్షిణంగా జార్జియాకి నడుస్తున్నవాళ్లు అక్టోబరులో ఈ దారిన తగులుతారు. గడ్డం పెరిగిన కుర్రాడొకడు ఆగి, చూసి, రెండు కర్రలు కలిపి కట్టి, తాడు ముడిని పొడిచి వదిలించాడు. సంచి ధబ్బున పడింది. నెలల తరబడి నడిచేవాడి ఆకలి ఎలా ఉంటుందో భార్యామణి ఆ పూట చూసింది. పులిహోర ఖాళీ అయింది. ఆవకాయకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నా వేళ్లు నాకుతూనే ఉన్నాడు.

బావగారు అతని సంచి చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఉండబట్టలేక అడిగారు.

“బరువెంత బాబూ?”

“తెలీదండీ. ఎప్పుడూ తూచలేదు.”

బావగారి చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. ఎనభైమూడు వస్తువుల జాబితాలో ఎక్కడా కనపడని ఆ వేలాడే తూకం అక్కడే ఉంది.